రాయనప్పుడు పెన్ను ఏం చేస్తోంది?

నా ఫౌంటెన్ పెన్ను రోజుకి ఇరవై నిమిషాలు రాస్తుందేమో. మీటింగులో నాలుగు ముక్కలు, ఎక్కడో ఒక సంతకం, రాత్రి డైరీలో ఒక పేజీ. మిగతా ఇరవై మూడు గంటల నలభై నిమిషాలూ జేబులోనో, సంచిలోనో, బల్ల మీదో పడి ఉంటుంది. రోజూ పెన్ను వెంట పెట్టుకుని తిరిగే ఎవరి లెక్కయినా కాస్త అటూ ఇటూగా ఇంతే. కానీ కొనేటప్పుడు మనం పరీక్షించేదంతా ఆ ఇరవై నిమిషాల సంగతే. పాళీ ఎలా జారుతోంది, గీత ఎంత సన్నగా వస్తోంది, బంగారమా స్టీలా, చేతిలో బరువు కుదిరిందా లేదా. కాగితం మీద నాలుగు సున్నాలు చుట్టి, పేరు రెండుసార్లు రాసి, భలే ఉందనుకుని డబ్బు కట్టేస్తాం. జేబులో పడ్డాక దాని బతుకేమిటో అడగం.

నేనూ అడగలేదు. దాని ఖరీదు ఒక తెల్ల చొక్కా. ఆ పెన్ను ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం, తప్పు నాది. లావుపాటి పెన్ను, మూత మూడు చుట్లు తిప్పితే గానీ బిగిసేది కాదు. ఎవరో పిలిస్తే ఒక్క చుట్టు తిప్పి, జేబులో పడేసి లేచాను. మధ్యాహ్నానికి నా ఎదుట కూర్చున్నాయన మాట మధ్యలో ఆగి, నా గుండె వైపు అదోలా చూశాడు. అరచేయంత నీలం మచ్చ. ఇంటికొచ్చి ఆ మచ్చ ఉతుకుతున్నప్పుడు తట్టిందే ఈ వ్యాసం మొత్తం: జేబులో మోసుకెళ్లే పెన్నుకి ముందు చూడాల్సింది పాళీని కాదు, మూతని.

అలాంటి జేబు పెన్ను కోసం నేను వెతికింది జపాన్ పెన్నుల్లోనే. అవే ఎందుకంటారా? మొదటి కారణం సన్నని గీత. చిన్న గడిలో పదీ పదిహేను గీతల అక్షరాన్ని ఇరికించి రాసుకునే జనం కోసం చేసిన పాళీలవి. అందుకే అక్కడి ఫైన్ పాళీ దాదాపుగా జర్మనీ వాళ్ల ఎక్స్‌ట్రా ఫైన్ గీత గీస్తుంది. మన లిపిక్కూడా ఇది కలిసొచ్చింది. 'స్త్రీ', 'లక్ష్మి' లాంటి మాటలు చిన్న నోటుబుక్కులో లావు పాళీతో రాసి చూడండి, ఒత్తులు ఒకదాన్నొకటి మింగేస్తాయి. పైగా జేబు నోటుబుక్కుల్లో కాగితం అంత గొప్పగా ఉండదు. సన్నగీత తక్కువ ఇంకు వదులుతుంది, అవతలి పేజీలోకి దిగదు, తొందరగా ఆరుతుంది.

రెండో కారణం ఆ కంపెనీల పుట్టుకలోనే ఉందని నా నమ్మకం. సెయిలర్ 1911లో హిరోషిమా దగ్గరి కూరె అనే నౌకాదళపు రేవులో మొదలైంది. ఇంగ్లండులో చదువుకుని వచ్చిన స్నేహితుడు చూపించిన పెన్నుని చూసి క్యుగోరో సకాటా మనమూ చేద్దామనుకున్నాడట. పైలట్‌ని 1918లో పెట్టిన ర్యోసుకె నమికి, మసావో వాదాలది కూడా నావికా నేపథ్యమే. పైలట్ అంటే ఇక్కడ విమానం నడిపేవాడు అనుకోకండి, ఓడని రేవులోకి దారి చూపి తెచ్చేవాడు. మూడోది ప్లాటినం, 1919. వీళ్లు పెన్నుని అలంకారంగా కంటే ముందు పనిముట్టుగా చూశారు. దీనికి నాకు బాగా నచ్చే ఉదాహరణ లక్క. జపాన్ లక్కపూత పెన్నులంటే ఇప్పుడు లక్షల యెన్‌ల కళాఖండాలు. కానీ పైలట్ వాళ్లు 1920లలో పెన్ను ఒంటికి లక్క పుయ్యడం మొదలెట్టింది అందానికి కాదు. అప్పటి పెన్నులు ఎబొనైట్‌తో చేసేవాళ్లు, అంటే గట్టిపరిచిన రబ్బరు. ఎండకీ చెమటకీ దాని నలుపు వెలిసి, మట్టిరంగుకి తిరిగేది. ఆ వెలిసిపోవడాన్ని ఆపడానికి పట్టించిన పూత అది. బంగారు చిలకలూ వెదురు కొమ్మలూ దాని మీదకి తర్వాతే ఎక్కాయి.

సరే, జేబులోకి వద్దాం. చొక్కా జేబులో పెన్నుకి మొదటి శత్రువు మన ఒంటి వేడి. 20 డిగ్రీల గదిలోంచి లేచి, పెన్నుని ఒంటికి ఆనించుకుని తిరిగితే అది 35 డిగ్రీల దాకా వేడెక్కుతుంది అనుకుందాం. లోపలి గాలి సుమారు 5 శాతం వ్యాకోచిస్తుంది. పెన్నులో దూర్చే ఇంకు గొట్టాన్ని కార్ట్రిడ్జ్ అంటారు, పైలట్ కార్ట్రిడ్జ్‌లో పట్టేది 0.9 మిల్లీలీటర్ల ఇంకు. అది సగం ఖాళీ అయితే 0.45 మిల్లీలీటర్ల గాలి ఉన్నట్టు. అందులో 5 శాతం అంటే 0.02 పైచిలుకు. ఒక ఇంకు బొట్టు 0.05 అనుకుంటే, అర బొట్టు బయటికి తోసుకొస్తుందన్నమాట. పాళీ కింద, దానికి ఇంకు అందించే నల్లటి ఫీడ్‌కి చేప మొప్పల్లా సన్నని గాట్లు ఉంటాయి చూశారా, ఆ అర బొట్టుని పట్టి ఉంచడానికే అవి. విమానంలో లెక్క మారుతుంది. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి నేల మీది కంటే దాదాపు పావు వంతు తక్కువ. అదే సగం ఖాళీ కార్ట్రిడ్జ్‌లో గాలి మూడో వంతు పెరిగి మూడు బొట్లు నెట్టేస్తుంది. గాట్లు అన్నీ పట్టలేవు. పాళీ పైకి ఉండేలా నిలబెట్టి పెడితే ఇంకు అడుగున ఉండి, గాలి ఒక్కటే బయటికి పోతుంది. లేదా కార్ట్రిడ్జ్ నిండుగా ఉంచుకుంటే వ్యాకోచించడానికి గాలే ఉండదు. సగం ఖాళీ పెన్నుని పక్కకి పడుకోబెట్టి ఎక్కారో, దిగాక మూత విప్పేటప్పుడు రుమాలు దగ్గర పెట్టుకోండి.

అందుకే క్లిప్పు లేని పెన్నుని నేను జేబు పెన్నుగా లెక్కలోకే తీసుకోను. క్లిప్పు పని పెన్ను పడిపోకుండా ఆపడమే అనుకుంటాం, కానీ పాళీని రోజంతా పైకి చూస్తూ ఉంచేది అదే. ఫ్యాంటు జేబులో పడేస్తే పెన్ను అడ్డం తిరుగుతుంది, నడకకి ఊగుతుంది, ఆ ఊపుకి ఇంకు మూతలోకి చిమ్ముతుంది. మూత తియ్యగానే వేళ్లకి అంటుతుంది. కూర్చున్నప్పుడు తొడ దగ్గర వంగే బలం సంగతి సరేసరి.

ఈ రాయని గంటల సమస్యకి జపాన్ వాళ్లు మూడు రకాలుగా జవాబు చెప్పారు. నాకు అన్నిటికంటే తెలివైనదిగా కనిపించేది పైలట్ క్యాప్‌లెస్. 1963లో వచ్చింది. మూతని మెరుగుపరచడం మానేసి మూతనే తీసేశారు. నొక్కితే పాళీ బయటికొస్తుంది, మళ్లీ నొక్కితే లోపలికి పోయి దాని వెనకే చిన్న రేకు తలుపు మూసుకుంటుంది. క్లిప్పు పాళీ వైపే ఉంటుంది కాబట్టి జేబుకి తగిలిస్తే పాళీ తనంతట తానే పైకి నిలబడుతుంది. రాసేటప్పుడు ఆ క్లిప్పు వేళ్ల మధ్యకి వస్తుందని చాలామంది గొణుగుతారు. నాకు రెండు రోజుల్లో అలవాటైంది. పెన్నుని మెలితిప్పి పట్టుకునేవాళ్లకి ఎప్పటికీ అలవాటు కాదు, కాబట్టి చేతిలోకి తీసుకోకుండా కొనకండి. మామూలు క్యాప్‌లెస్ ఇత్తడి ఒళ్లు, 30 గ్రాములు. చొక్కా జేబు కిందికి లాగుతుంది. డెసిమో అనే సన్న రకం అల్యూమినియంది, 21 గ్రాములు. చొక్కాకి డెసిమోయే మేలు.

మరి అదే కొనుక్కుని ఊరుకోక ఇంత రాయడం ఎందుకంటే, దాని బలమే దాని లోపం. నొక్కితే తెరుచుకునేది మనం నొక్కినా తెరుచుకుంటుంది, సంచిలో పుస్తకం అంచు నొక్కినా తెరుచుకుంటుంది. చొక్కా జేబులో సీదాగా నిలబడి ఉన్నంతసేపు భయం లేదు. సంచీలో, కోటు లోపలి జేబులో వేరే సామానుతో కలిపి పెడితే మాత్రం అది కవరు లేకుండా తిరగకూడని పెన్ను. పైగా చిన్న రేకు తలుపు ఎంత బాగా మూసుకున్నా, లోపల ఒరుసుకునే మూతంత గట్టిగా గాలిని ఆపదు. వారాల తరబడి మరిచిపోయేవాళ్లకి అది సరిపడదు. రోజూ రాసేవాళ్లకి ఈ బాధ తెలియనే తెలియదు.

మరిచిపోయేవాళ్ల కోసం ప్లాటినం ఉంది. వాళ్ల 3776 సెంచరీ 2011లో వచ్చింది. 3776 అంటే ఫూజీ పర్వతం ఎత్తు, మీటర్లలో. దాని మూత లోపల స్ప్రింగు మీద కూర్చున్న ఇంకో చిన్న మూత ఉంటుంది. బయటి మూత తిప్పుతుంటే లోపలిది వచ్చి పాళీ చుట్టూ గట్టిగా అదుముకుంటుంది. ముట్టకుండా వదిలేసినా 24 నెలలు ఇంకు ఆరదని కంపెనీ మాట. నాకు అంతకంటే వింతగా అనిపించేది, ఇదే స్ప్రింగు మూతని వాళ్లు ప్రెపీలో కూడా పెట్టడం. ప్రెపీ 2007లో 200 యెన్‌లకి వచ్చిన ప్లాస్టిక్ పెన్ను. దాని మీద ఏడాది భరోసా. పదివేల యెన్‌ల పైన పెట్టినా ఎండిపోయే పెన్నులు చాలా ఉన్నాయి లోకంలో. ప్రెపీకి ఒకటే రోగం, మూత ప్లాస్టిక్ పగలడం. సన్నటి పగులు ఒక్కటి పడితే చాలు, ఏడాది భరోసా ఆ సందులోంచి పోతుంది. అదే పాళీని అల్యూమినియం ఒంట్లో కూర్చోబెట్టి ప్లెజీర్ అని అమ్ముతారు. ప్రెపీ నచ్చినవాళ్లు అది చూడొచ్చు.

సెంచరీ విషయంలో నా అభ్యంతరం మూత మరలే. మూత తియ్యాలంటే రెండు చేతులూ కావాలి, తిప్పాలి. బల్ల దగ్గర కూర్చుని రాసేవాడికి అదొక సుఖం కూడా. నిలబడి, ఒక చేత్తో నోటుబుక్కు పట్టుకుని, ఎవరో ఫోన్ నంబరు చెబుతుంటే రాసుకోవాల్సినప్పుడు మాత్రం విసుగు. ఆ విసుగులోనే మూత సగం బిగించి జేబులో పెట్టేస్తాం. నా చొక్కా కథ అక్కడే మొదలైంది కదా.

మూడో జవాబు పొట్టి పెన్ను. 1960లలో చొక్కా జేబు లోతునే కొలతగా తీసుకుని జపాన్‌లో ఒక కొత్త జాతి పుట్టింది. ఒళ్లు పొట్టి, మూత పొడుగు. మూసి ఉన్నప్పుడు జేబులో దాక్కుంటుంది, మూత తీసి వెనక తగిలిస్తే మామూలు పెన్నంత అవుతుంది. పైలట్ ఎలీట్ అలా వచ్చిందే. 1969లో క్యోసెన్ ఓహషి అనే టీవీ ప్రముఖుడు దాని ప్రకటనలో అర్థం పర్థం లేని పద్యమొకటి చదివితే దేశమంతా అదే పాట పాడిందట. కంపెనీకి 95 ఏళ్లు నిండినప్పుడు దాన్నే ఎలీట్ 95ఎస్ పేరుతో మళ్లీ తెచ్చారు. మూస్తే 12 సెంటీమీటర్లు, తెరిచి తగిలిస్తే 15 దగ్గర. లాగితే వచ్చే మూత, మరలు లేవు. 14 క్యారెట్ బంగారు పాళీ పెన్ను నోట్లోనే పొదిగి ఉంటుంది. మోయడానికి దీనికి మించిన పెన్ను నేను చూడలేదు. సెయిలర్ ప్రో గేర్ స్లిమ్ కూడా పొట్టిదే, పాళీ కాగితం మీద పెన్సిల్‌లా సన్నగా గరగరలాడుతుంది, అది నాకు ఇష్టం. కానీ మళ్లీ మర మూత.

ఇంతవరకు మూత సంగతి. ఇక మన్నిక అన్న మాట దగ్గరికి రావాలి, ఎందుకంటే ఆ మాటని మనం ఎక్కువగా తప్పుగా వాడతామని నా అనుమానం. మన్నిక అంటే విరగకపోవడం అనుకుంటే, పైలట్ వాళ్ల మ్యూ 701 కంటే మన్నికైన పెన్ను లేదు. 1971 నాటిది. పాళీకి వేరే ముక్క లేదు, పట్టుకునే చోటు నుంచి పాళీ కొస దాకా ఒకటే స్టెయిన్‌లెస్ స్టీలు. చూస్తే కత్తిలా ఉంటుంది. 2008లో 90 ఏళ్ల పండగకి దాని తమ్ముణ్ణి ఎం90 అని చేశారు. అంత గట్టి పెన్ను పాళీ నేల మీద పడేలా జారిందనుకోండి. పాళీ వంగితే మార్చడానికి పాళీ అంటూ ఒకటి లేదు, ముందు భాగం మొత్తం పోయినట్టే. పొదిగిన పాళీలకీ ఇదే చిక్కు, ఇంట్లో కూర్చుని లాగి మార్చేవి కావవి.

జేబు పెన్ను పడుతుంది. బల్ల మీది పెన్ను పదేళ్లు పడకుండా ఉండొచ్చు, జేబుది వంగి చెప్పు సరిచేసుకున్న రోజు పడుతుంది. కాబట్టి పడుతుందా అని కాక, పడ్డాక ఏం చేస్తాను అని అడిగి కొనాలి. ఈ ప్రశ్న వేసుకున్నప్పటి నుంచి బంగారం పాళీ మీద నా మోజు తగ్గింది. బంగారం వచ్చింది పాతకాలపు ఆమ్లం ఇంకులకి తుప్పు పట్టకుండా ఉండటానికి. 14 క్యారెట్లలో 58.5 శాతం బంగారం, సెయిలర్ పెద్ద పెన్నుల 21 క్యారెట్లలో 87.5 శాతం. ఈ రోజుల్లో మామూలు ఇంకుకి మంచి స్టెయిన్‌లెస్ స్టీలు నిక్షేపంగా తట్టుకుంటుంది. అసలు కాగితాన్ని తాకేది బంగారమూ కాదు, స్టీలూ కాదు. కొసన అతికించిన గట్టి లోహపు గింజ, రెండింటికీ ఉండేది అదే. బంగారం పాళీకి మెత్తదనం ఉంటుంది, ఆ సుఖం నేనెరుగుదును, కాదనను. కానీ నిలబడి ఫోన్ నంబరు రాసుకునే నాలుగు క్షణాల్లో ఆ మెత్తదనం ఎవడికి తెలుస్తుంది?

అలా తిరిగి తిరిగి నేను చేరింది పైలట్ కొకూన్ దగ్గరికి. కొన్ని దేశాల్లో మెట్రోపాలిటన్ అంటారు, యూరప్‌లో ఎంఆర్. ఇత్తడి ఒళ్లు, 26 గ్రాములు, స్టీలు పాళీ, నొక్కితే పట్టుకుని, లాగితే వచ్చే మూత. వచ్చినప్పుడు 3,000 యెన్‌లు. ఒక చేత్తో బొటనవేలితో నెట్టి మూత తీసేయొచ్చు, మూసేటప్పుడు టక్కున చప్పుడైతే బిగిసినట్టు. సగం బిగించడం అనేదే కుదరదు. రంగు అంచుల దగ్గర గీసుకుపోయింది, ఇత్తడికి అంతకు మించి ఏమీ కాలేదు. అసలు కీలకం మాత్రం పాళీ. అది లాగితే ఊడి వస్తుంది, ఫీడ్‌తో సహా. అదే పాళీ కూర్పు కకునో పెన్నులోనూ ఉంటుంది. కకునో 2013లో పిల్లల కోసమని 1,000 యెన్‌లకి తెచ్చిన పెన్ను. దానికి క్లిప్పు లేదు కాబట్టి జేబుకి పనికిరాదు, కానీ విడిభాగాల డబ్బాగా అంతకంటే చవకైనది దొరకదు. ఒక కకునో కొని పెట్టుకుంటే ఇంట్లో ఇంకో పాళీ ఉన్నట్టే.

లోపాలు లేవని కాదు. పట్టుకునే చోటికీ ఒంటికీ మధ్య చిన్న మెట్టు ఉంది, లావు వేళ్లవాళ్లకి గుచ్చుకుంటుంది. కార్ట్రిడ్జ్ బదులు, సీసాలోంచి ఇంకు పీల్చుకునే కాన్-40 కన్వర్టర్ పెడితే ఇంకు 0.4 మిల్లీలీటర్లే. అందుకే నేను కార్ట్రిడ్జ్‌నే సిరంజితో నింపుకుంటాను, రెట్టింపు పైగా పడుతుంది. యూరప్ ఎంఆర్‌లో వేరే రకం కార్ట్రిడ్జ్ పడుతుంది, పైలట్‌ది పట్టదు, ఇది చూసుకోకుండా కొని తిట్టుకునేవాళ్లు ఉన్నారు.

నా బల్ల పక్కన కూర్చునే మిత్రుడికి ఈ వాదన నచ్చదు. ఆయన దగ్గర పెద్ద బంగారు పాళీ పెన్నుంది. "మంచి వస్తువుని వాడకుండా దాచుకుంటారేంటండీ, రోజూ చేతిలో ఉండేదే కదా మంచిదై ఉండాలి" అంటాడు. మాటలో న్యాయముంది. కానీ ఆయన పెన్ను ఉండేది తోలు కవర్లో, కవరు సంచిలో, సంచి బల్ల కింద. ఎవరైనా సంతకానికి వస్తే ముందు చెయ్యి పోయేది నా జేబు వైపు. "ఒకసారి ఇవ్వండి" అని. నేను వెంటనే ఇచ్చేస్తాను, ఎదుటివాడు ఎలా పట్టుకుంటాడో చూస్తూ గుండె పట్టుకోను. ఆయన పెన్ను రోజూ చేతిలో ఉండే పెన్నని ఆయన నమ్మకం.

ఇంకు విషయంలో ఒక్క మాట. నీళ్లకి చెరగదని పిగ్మెంట్ ఇంకులు, అంటే సన్నని రంగుపొడి కలిపిన ఇంకులు, చాలామంది సిఫారసు చేస్తారు. చెరగనిది చొక్కా మీద కూడా చెరగదు. లోపల ఎండితే కడగడమూ కష్టం. తప్పదంటే ప్లాటినం స్ప్రింగు మూత ఉన్న పెన్నులో పొయ్యండి. నేను జేబు పెన్నులో ఉతికితే పోయే నీలమే వాడతాను, సంతకాల కోసం ఇంట్లో ప్రెపీ నిండా ప్లాటినం బ్లూ బ్లాక్ ఉంది. అది పాత పద్ధతి ఇనుప లవణాల ఇంకు, రాసిన కొద్దిసేపటికి గాలి తగిలి నల్లబడి కాగితాన్ని కరుచుకుంటుంది.

పోయిన నెల నా కొకూన్ పడింది. మూత లేకుండా, పాళీ కిందికి, గచ్చు మీద. పాళీ కొస కొక్కెంలా వంగిపోయింది. ఆ రాత్రి కకునో పాళీ లాగి ఇందులో పెట్టాను, రెండు నిమిషాల పని. కకునో పాళీ మీద పిల్లల కోసమని చిన్న నవ్వు ముఖం చెక్కి ఉంటుంది, ఎటు తిప్పి పట్టుకోవాలో తెలియడానికి. ఇప్పుడు గీసుకుపోయిన నల్ల ఇత్తడి పెన్ను మూత తియ్యగానే నన్ను చూసి నవ్వుతోంది. నిన్న ఒక పెద్దాయన సంతకం పెట్టబోతూ దాన్ని చూసి, కళ్లజోడు పైకి తోసుకుని, నా ముఖం వైపోసారి చూసి సంతకం పెట్టాడు.